మూడు గడువుల మధ్య ఒక పిల్లి

బ్రిటన్ 1902 నాటికే తన నేల మీద రేబిస్ లేకుండా చేసుకుంది. కుక్కల మూతులకు చిక్కాలు కట్టించి, దిక్కులేని వాటిని ఏరివేసి, రేవుల్లో కాపలా పెట్టి సాధించిన పని అది. 1918లో ఆ జబ్బు మళ్లీ దిగబడింది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి ఇళ్లకు మళ్లుతున్న సైనికులు కొందరు అక్కడ చేరదీసిన కుక్కలను దొంగచాటుగా వెంట తెచ్చుకున్నారనీ, జబ్బు వాటితోనే వచ్చిందనీ చెబుతారు. డెవన్, కార్న్‌వాల్ వైపు మొదలైన ఆ తెగులును వదిలించుకునేసరికి 1922 అయింది.

ఇరాక్ నుంచి పిల్లిని తెచ్చుకున్న సైనికుడి వీడియోలు చూస్తున్నప్పుడు ఈ పాత సంగతి ఎవరికీ గుర్తు రాదు. వాటిలో ఒక పక్క మెత్తని మనసున్న జవాను ఉంటాడు, ఇంకో పక్క రాతిగుండె అధికారి ఉంటాడు. నా లెక్కలో చిక్కు వాళ్లిద్దరి మధ్య లేదు. సైనికుడు ఆ దేశంలో ఉండే గడువు ఒకటి. వైరస్ ఒంట్లో దాక్కునే గడువు ఇంకొకటి. జంతువు కొత్త ఇంటికి అలవాటుపడే గడువు వేరొకటి. ఈ మూడూ ఒకదానితో ఒకటి పొసగవు. నిషేధం, వేల డాలర్ల ఖర్చు, కాబూల్ విమానాశ్రయంలో జరిగిన రభస, చివరికి హాల్లో చిరిగిపోయే సోఫా, అన్నీ అందులోంచి పుట్టినవే.

ఉత్తర్వు ఏమంటుంది

అమెరికా సైన్యంలో పశ్చిమాసియా, అఫ్గానిస్తాన్ వ్యవహారాలు చూసే సెంట్రల్ కమాండ్ ‘జనరల్ ఆర్డర్ నంబర్ 1’ అనే ఉత్తర్వు అమలు చేస్తూ వచ్చింది. మద్యం ముట్టొద్దు, అశ్లీల చిత్రాలు ఉంచుకోవద్దు లాంటి నిషేధాల వరసలోనే ఇదీ ఉంటుంది: పెంపుడు జంతువు గానీ అడవి జంతువు గానీ, దేన్నీ పెంచుకోకూడదు, దళం గుర్తుగా పెట్టుకోకూడదు, సాకకూడదు, తిండి పెట్టకూడదు. చివరి మాట చూడండి. కంచంలో మిగిలిన కోడిముక్క పిల్లికి విసిరినా, కాగితం మీద అది ఉత్తర్వు ధిక్కారమే. ఆచరణలో అంతా ఆ స్థావరం అధికారి మీద ఆధారపడేది. ఒకాయన చూసీ చూడనట్టు పోతాడు. ఆయన బదిలీ అయి కొత్తాయన రాగానే ఎలుకలు, పురుగుల నివారణ కాంట్రాక్టు తీసుకున్నవాళ్లు బోనులతో దిగుతారు. బోనులో పడ్డవాటిలో చాలావాటికి చావే.

పిల్లి విషయంలో ఇది మరీ ఇరకాటం. తిండి నిల్వలున్న చోటికి ఎలుకలు చేరతాయి. ఎలుకలు పట్టే పిల్లిని తరిమేయాలని ఏ వంటవాడికీ ఉండదు. ఇరాక్‌లోని బలద్ స్థావరంలో ఇలాగే చేరిన హామర్ అనే పిల్లి భోజనశాలలో ఎలుకల పని చూసేది. మోర్టార్లు పడేటప్పుడు సైనికులు దాన్ని తమ రక్షణ కవచంలో దూర్చి దాచేవారని అప్పటి పత్రికలు రాశాయి. 2004లో ఆ దళం కొలరాడోకు తిరిగి వెళ్లే వేళ ఒక సార్జెంట్ దాన్ని వదిలిపెట్టనని పట్టుబట్టాడు. ఆలీ క్యాట్ అలైస్ అనే పిల్లుల సంక్షేమ సంస్థ విరాళాలు పోగుచేసి టీకాలకు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కు, విమానానికి ఏర్పాట్లు చేసింది. 2023 చలికాలంలో యుక్రెయిన్ కందకాల్లో ఎలుకల బెడద పెరిగినప్పుడు కూడా సైనికుల పక్కన పిల్లులు చేరాయి. కానీ సొంత నేల మీద పోరాడే ఆ సైనికుడు తన పిల్లిని ఇంటికి పంపాలంటే సరిహద్దు దాటించనక్కర్లేదు. పరాయి దేశంలో ఉన్నవాడికి అదే అసలు అడ్డు.

వైరస్ తొందరపడదు

రేబిస్ వైరస్ కరిచిన చోటి నుంచి నరాల వెంట మెదడు వైపు మెల్లగా పాకుతుంది. సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది. వారంలోపే బయటపడటమూ ఉంది, ఏడాది దాటాక బయటపడటమూ ఉంది. ఆ లోపల కుక్క తింటుంది, ఆడుతుంది, ఒళ్లో పడుకుంటుంది. జబ్బుందో లేదో ఖాయంగా తేల్చాలంటే మెదడు కణజాలం పరీక్షించాలి, అంటే జంతువు చనిపోయాకే. బతికున్నదాన్ని చూసి ‘దీనికి లేదు’ అని ముందుగా చెప్పగల పరీక్ష లేదు.

అందువల్ల దేశాలన్నీ పట్టుకున్న ఉపాయం ఒక్కటే: టీకా వేసి ఆగడం. 12 వారాల వయసుకు ముందు వేసిన టీకాను లెక్కలోకి తీసుకోరు, తల్లి నుంచి వచ్చిన రక్షణ దాన్ని పని చేయనివ్వకపోవచ్చు గనుక. టీకా తర్వాత నెల రోజులకు రక్తం తీసి యాంటీబాడీలు కొలుస్తారు. మిల్లీలీటరుకు కనీసం 0.5 అంతర్జాతీయ యూనిట్లు ఉండాలి. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఆ పరీక్ష టీకా పట్టిందని చెబుతుందే గానీ, టీకాకు ముందే వైరస్ ఒంట్లో చేరలేదని చెప్పదు. ఆ అనుమానం తీరడానికే బ్రిటన్, యూరప్ దేశాలు రేబిస్ ఎక్కువగా ఉన్న చోట్ల నుంచి వచ్చే జంతువులకు, రక్తం తీసిన రోజు నుంచి ఇంకో 3 నెలలు ఆగమంటాయి.

లెక్క వేసి చూద్దాం. 12 వారాలు, ఒక నెల, ఆ పైన 3 నెలలు. కూన పుట్టిన రోజే మొదలుపెట్టినా బ్రిటన్‌లో అడుగు పెట్టేసరికి దాదాపు ఏడు నెలలు. అఫ్గానిస్తాన్‌లో బ్రిటిష్ సైనికుడి విధి మామూలుగా ఆరు నెలలు ఉండేది. దిగిన మొదటి రోజే గుడారం వెనుక కూన పుట్టినా, అది ప్రయాణానికి అర్హమయ్యేలోపు అతను ఇంటికి వెళ్లిపోతాడు. ఉత్తర్వే లేకపోయినా ఈ లెక్క మారదు. మధ్యలో ఎవరో ఒకరు ఆ దేశంలోనే దాన్ని పెట్టుకుని సాకాలి. సైన్యం ఆ పని చేయదు.

నౌజాద్ లాంటి సంస్థలు పుట్టింది ఆ ఖాళీలోనే. 2006లో హెల్మండ్ రాష్ట్రంలోని నౌజాద్ పట్టణంలో పెన్ ఫార్దింగ్ అనే బ్రిటిష్ రాయల్ మెరీన్ సార్జెంట్ ఒక కుక్కల పందేన్ని ఆపాడు. అందులోని చెవులు తెగిన కుక్క ఆయన వెంటే తిరిగింది. మరుసటి ఏడాది ఆ ఊరి పేరుతోనే సంస్థ పెట్టాడు, తర్వాత కాబూల్‌లో ఆశ్రయం, వైద్యశాల నడిపాడు. ఇరాక్‌లో 2007 నుంచి ఎస్‌పీసీఏ ఇంటర్నేషనల్ సంస్థ ‘ఆపరేషన్ బాగ్దాద్ పప్స్’ పేరుతో ఇదే పని చేసింది. ఒక్కో జంతువుకు దాదాపు 4,000 డాలర్లు ఖర్చయ్యేది. వీధికుక్కకు అంత ఎందుకని చాలామంది అడిగారు. సైనిక వాహనం ఎక్కించకూడదు, సైనిక విమానం ఎక్కించకూడదు. కాబట్టి స్థావరం నుంచి రాజధాని దాకా ప్రాణాలకు తెగించి నడిపే స్థానిక డ్రైవరు కావాలి, అక్కడ గడువు తీరేదాకా ఆశ్రయం, వైద్యుడు కావాలి, ఆపైన జంతువులను ఎక్కించుకునే విమానం, కొన్నిసార్లు వెంట వచ్చే మనిషి కావాలి. టీకా ఖర్చు ఇందులో చిల్లర కిందే లెక్క.

ఆ డబ్బుతో ఊరంతటి కుక్కలకు టీకాలు వేయొచ్చు కదా అనే వాదన బలమైనదే. కుక్కల్లో 70 శాతానికి టీకా వేస్తే రేబిస్ గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కానీ విరాళం అలా కదలదు. టెక్సస్‌లోని తల్లి తన కొడుకు ఫొటోలో ఉన్న కుక్క కోసం డబ్బు పంపుతుంది, హెల్మండ్ టీకా పథకం కోసం కాదు. ఒక కుక్క పేరు చెప్పి వచ్చే డబ్బుతో పది కుక్కల పనీ చేసే సంస్థ దొరికితే అదే అదృష్టం. నౌజాద్ కాబూల్ వీధికుక్కలకు ఆపరేషన్లు, టీకాలు కూడా చేసింది.

ఇక ఉత్తర్వు ఉత్త చాదస్తం అనుకునేవాళ్లకు 2011 ఆగస్టు గుర్తు చేయాలి. అఫ్గానిస్తాన్‌లో కుక్క కరిచిన 24 ఏళ్ల అమెరికా సైనికుడు స్వదేశానికి వచ్చాక, న్యూయార్క్ రాష్ట్రంలో రేబిస్‌తో చనిపోయాడు. కాటుకూ లక్షణాలకూ మధ్య నెలలు గడిచిపోయాయి.

కాబూల్‌లో కలగాపులగం

2021 ఆగస్టు చివర్లో కాబూల్ విమానాశ్రయంలో బోనుల్లో ఉన్న కుక్కల ఫొటో ఒకటి ప్రపంచమంతా తిరిగింది. అమెరికా తన సైనిక కుక్కలను వదిలి పారిపోయిందన్నారు. అది తప్పు. సైనిక కుక్కలు వేరు, సైనికులు చేరదీసిన కుక్కలు వేరు. బాంబులు పసిగట్టే శిక్షణ పొందిన కుక్కకు హ్యాండ్లరు, వైద్యుడు, రికార్డు ఉంటాయి. విశ్రాంత కుక్కలను దత్తతకు ఇవ్వడానికి అమెరికా 2000లోనే చట్టం చేసింది. చేరదీసిన కుక్కకు ఏ కాగితమూ లేదు. ఫొటోలోవి కాబూల్ స్మాల్ యానిమల్ రెస్క్యూ అనే సంస్థ సంరక్షణలో ఉన్నవని, తమ కుక్కల్లో ఒక్కటీ మిగల్లేదని పెంటగాన్ ప్రకటించాల్సి వచ్చింది.

ఆ సంస్థ జంతువులు అమెరికా చేరడానికి అప్పట్లో ఇంకో అడ్డూ ఉండింది. ఆ ఏడాది జూన్‌లో అజర్‌బైజాన్ నుంచి రక్షించి తెచ్చిన ఒక కుక్కకు అమెరికాలో దిగాక రేబిస్ బయటపడింది. జులై 14 నుంచి అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ, రేబిస్ ఎక్కువగా ఉన్న వందకు పైగా దేశాల కుక్కలకు తలుపు మూసేసింది. నెల తిరిగేసరికి కాబూల్ తాలిబన్ల వశమైంది. చివరికి 2022 ఫిబ్రవరిలో దాదాపు 300 కుక్కలు, పిల్లులతో ఒక సరుకు విమానం కెనడాలోని వాంకూవర్‌లో దిగింది. ఇరాన్ నుంచి వచ్చిన కుక్కల్లో రేబిస్ కనపడటంతో, అదే ఏడాది సెప్టెంబర్ నుంచి కెనడా కూడా అలాంటి దేశాల నుంచి దత్తతకు తెచ్చే కుక్కలను ఆపేసింది.

ఫార్దింగ్ కథ ఇంకా చేదుగా ముగిసింది. విరాళాలతో విమానం మాట్లాడుకుని ఆగస్టు 28న 150కి పైగా కుక్కలు, పిల్లులతో ఆయన బయటపడ్డాడు. ఆయన దగ్గర పనిచేసిన అఫ్గాన్ సిబ్బంది ఆ రోజు తాలిబన్ల కాపలా దాటలేకపోయారు, కొన్ని వారాల తర్వాత పాకిస్తాన్ చేరారు. మనుషులకన్నా జంతువులు ముందా అని బ్రిటన్ రగిలింది. నిజానికి బోనులు సీట్ల మీద కాదు, సరుకు గదిలో ప్రయాణించాయి. జంతువుల వల్ల ఆ విమానంలో ఒక్క మనిషి చోటూ పోలేదు. కానీ గేటు దగ్గర ఆ బోనులను లోపలికి నడిపించిన సైనికుల సమయం, లండన్ కార్యాలయాల్లో ఆ ఫైలు మీద పెట్టిన గంటలు పోయాయి. ఆ సమయంలో ఇంకొకరిని కాపాడి ఉండొచ్చని విదేశాంగ శాఖలో పనిచేసి బయటికొచ్చిన ఒక ఉద్యోగి పార్లమెంటు కమిటీకి రాసిచ్చాడు. 2022 మేలో ఆ కమిటీ ప్రభుత్వాన్ని తీవ్రంగా తప్పుబట్టింది. సీట్ల వాదన చచ్చుది, సమయం వాదన గట్టిది. చర్చంతా మొదటిదాని చుట్టూనే తిరిగింది.

ఈ నియమాల వేడి మనవాళ్లకూ తగిలింది. సీడీసీ జాబితాలో భారతదేశమూ ఉంది. హైదరాబాద్ నుంచి డాలస్‌కో న్యూజెర్సీకో కాపురం మారుస్తూ లాబ్రడార్‌ను వెంట తీసుకెళ్లాలనుకునే తెలుగు కుటుంబం, 2024 ఆగస్టు 1 నుంచి బాగ్దాద్ సైనికుడు నిలబడే వరసలోనే నిలబడుతుంది. కుక్కకు ఆరు నెలలు నిండాలి, మైక్రోచిప్ ఉండాలి, ఇక్కడ వేసిన టీకా అయితే దానికి ప్రభుత్వ ధ్రువీకరణ, రక్తపరీక్ష కావాలి, దిగేది నిర్ణయించిన కొద్ది విమానాశ్రయాల్లోనే.

పిల్లికి మాత్రం ఈ గొడవ లేదు. అమెరికాలోకి తెచ్చే పిల్లికి రేబిస్ టీకా రుజువు చూపమని సీడీసీ అడగదు. పిల్లికి ఆ జబ్బు రాదని కాదు, కుక్కల రేబిస్‌ను తరం నుంచి తరానికి మోసేది కుక్కలే గనుక. విమాన సంస్థలు, కొన్ని రాష్ట్రాలు అడుగుతాయి, హవాయికి సొంత క్వారంటైన్ ఉంది. బ్రిటన్ మాత్రం పిల్లిని కుక్కతో సమానంగానే చూసింది. హాంకాంగ్ రేవులో ఒక నావికుడు చేరదీసిన సైమన్ అనే పిల్లి, 1949లో చైనాలోని యాంగ్జీ నది మీద అమెథిస్ట్ అనే బ్రిటిష్ యుద్ధనౌకపై గుళ్లు కురిసినప్పుడు గాయపడింది, కోలుకుని నౌకలో ఎలుకలు పట్టింది. జంతువులకిచ్చే డికిన్ పతకం పొందిన ఏకైక పిల్లి అది. నవంబర్ 1న ఇంగ్లండ్‌లో దిగగానే దాన్నీ క్వారంటైన్‌లో పెట్టారు. నవంబర్ 28న అక్కడే జబ్బుచేసి చనిపోయింది.

ఇంట్లో దిగాక

విమానం దిగితే కథ సుఖాంతమని అందరూ కెమెరాలు మూసేస్తారు. టార్గెట్ అనే కుక్క 2010 ఫిబ్రవరిలో అఫ్గానిస్తాన్‌లో మరో రెండు కుక్కలతో కలిసి ఆత్మాహుతి దాడికి వచ్చినవాడి మీద పడి సైనికులను కాపాడింది. ఆ ఏడాదే అమెరికా చేరింది. నవంబర్‌లో అరిజోనాలో ఇంటి పెరట్లోంచి తప్పించుకుంది, కౌంటీ ఆశ్రయంలో ఇంకో కుక్క అనుకుని పొరపాటున చంపేశారు. తెచ్చినదాన్ని మొదటి నెలల్లో గడప దాటనివ్వకూడదని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఇసుక బస్తాల గోడల మీద, గుడారాల కింద పెరిగిన పిల్లిని కార్పెట్ పరిచిన అపార్టుమెంటులో వదిలితే మొదట వెతికేది దాక్కునే చోటు. నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆశ్రయానికి కొత్తగా వచ్చిన పిల్లుల్లో కొన్నిటికి దాక్కునే పెట్టెలిచ్చి, కొన్నిటికి ఇవ్వకుండా చూశారు. పెట్టెలున్నవి త్వరగా కుదుటపడ్డాయి. కాబట్టి ఇంట్లో చేసే పిల్లి సామాన్లలో మొదటిది అట్టపెట్టె. రెండు వైపులా దారి కోసి, ఒకే గదిలో, తిండికి కాస్త దూరంగా, అది మలమూత్రాలకు వాడే మట్టి తొట్టికి మరింత దూరంగా పెట్టండి. అందులోంచి లాగి ముద్దుచేయాలనే చుట్టాలను ఆపడం మీ పని.

రెండోది గోళ్లు గీరుకునే స్తంభం. పిల్లి గీరేది కోపంతో కాదు. గోరు పైపొర ఊడుతుంది, వెన్ను సాగుతుంది, పంజాల మధ్య గ్రంథుల వాసన అక్కడ అంటుకుంటుంది. కొత్త చోట తన వాసన లేని పిల్లికి ఈ మూడోది చాలా ముఖ్యం. దుకాణాల్లో అమ్మే స్తంభాలు చాలావరకు పొట్టివి, తేలికైనవి. పెద్ద పిల్లి ఒళ్లు విరుచుకుని లాగగానే ఊగుతాయి. ఒకసారి ఊగిందంటే ఇక దాని మొహం చూడదు, సోఫా దగ్గరికి పోతుంది. సోఫా కదలదు గదా.

ఇంట్లో చేసుకుంటే ఈ రెండు లోపాలూ పోతాయి. స్తంభం ఎత్తు 80 నుంచి 90 సెంటీమీటర్లు. నాలుగంగుళాల చదరపు కర్ర దిమ్మ గానీ అంతే మందం పీవీసీ గొట్టం గానీ చాలు. గొట్టమైతే రెండు చివర్లా కర్ర బిళ్లలు బిగించాలి, లేకపోతే స్క్రూకు పట్టు దొరకదు. కింద 60 సెంటీమీటర్ల చదరపు ప్లైవుడ్, 18 మిల్లీమీటర్ల మందం, రెండు పలకలు అతికించి. దాదాపు ఎనిమిది కిలోల బరువు వస్తుంది, అయిదు కిలోల పిల్లి లాగినా లేవదు. స్క్రూలు కింది వైపు నుంచి పైకి బిగించండి. పక్కన పెట్టే ఇనుప మూలలు కొన్నాళ్లకు వదులవుతాయి.

చుట్టడానికి కిత్తనార తాడు, బజార్లో సైసల్ అంటారు, అన్నిటికన్నా మంచిది. 10 మిల్లీమీటర్ల మందం తాడు 90 సెంటీమీటర్ల గుండ్రటి గొట్టానికి 32 మీటర్ల దాకా, చదరపు దిమ్మకైతే 40 మీటర్ల దాకా పడుతుంది. కొనేముందు వాసన చూడండి, నూనె కంపు కొడితే వద్దు. అది దొరకని ఊళ్లో గోనె సంచి రెండు మడతలు బిగించి కట్టినా పిల్లి ఇష్టంగానే గీరుతుంది. కొబ్బరి తాడు పీచు రాలుస్తుంది, ఊడ్చే ఓపిక ఉంటే పరవాలేదు. నైలాన్ తాడు మాత్రం వద్దు, గోరు ఇరుక్కుంటుంది. బయటికి పొడుచుకొచ్చే స్టేపుల్ పిన్నులు వద్దు, జిగురుతో అతికించి మొదలూ చివరా మాత్రమే మేకు కొట్టండి. వేలాడే రిబ్బన్లు, ఊలు దారాలు అలంకారంగా కట్టేవాళ్లున్నారు. పిల్లి మింగితే దారం పేగులను ముడతలు పెట్టి కోసేస్తుంది, ఆపరేషన్ దాకా పోతుంది.

ఎత్తు కావాలంటే స్తంభం పక్కనే 30, 40 సెంటీమీటర్ల తేడాతో మెట్లలా పలకలు వేయండి. ఇంట్లో ముందే ఇంకో పిల్లి ఉంటే పైకి ఒక్కటే దారి ఉండకూడదు, కింద కాపు కాసినదానికి పైనున్నది బందీ అవుతుంది. ఇలాంటివి పది చేసి అమ్మినా ఒక జంతువు విమాన ఖర్చు రాదు, ఆ లెక్కతో దిగితే నిరాశే.

స్తంభాన్ని చూడ్డానికి బాగుండదని మూల గదిలో పెట్టకండి. పిల్లి నిద్ర లేచి ఒళ్లు విరుచుకునే చోట, లేదా ఇప్పటికే గీరుతున్న సోఫా మూలకు ఆనించి పెట్టండి. అది దీన్నే వాడటం మొదలుపెట్టాక రోజుకు కొంచెం జరుపుకుంటూ మీకు కావలసిన చోటికి తేవచ్చు. ఏడాది తిరిగేసరికి తాడు పీచుపీచై వేలాడుతుంది. ఇంటికి చుట్టాలు వస్తున్నారని మొత్తం విప్పి కొత్తది చుట్టకండి, తన వాసనంతా పోయి పిల్లి మళ్లీ సోఫా ఎక్కుతుంది. ఎక్కువ చిరిగిన సగమే ఇప్పుడు మార్చండి, మిగతా సగం రెండు నెలల తర్వాత.